అరవై దాటాక ఆన్‌లైన్ మార్కెటింగ్: చిక్కు అడుగున, తప్పు పైన

కుట్టు మిషను మీద గుడ్డ అడుగున దారం గుంపుగా చిక్కుపడితే కొత్తగా కుట్టేవాళ్లందరూ చేసే పని ఒకటే. అడుగుదారం చుట్టిన బాబిన్ విప్పుతారు. తుడుస్తారు, మళ్లీ చుట్టి బిగిస్తారు. చిక్కు మాత్రం పడుతూనే ఉంటుంది. అడుగున కనిపించే ఆ చిక్కుకు చాలాసార్లు కారణం పైదారం. అది బిగువు పళ్లేల మధ్య సరిగా కూర్చోకపోతే వదులుగా కిందికి జారి, అడుగున ఉచ్చులు పోస్తుంది. నలభై ఏళ్లు మిషన్లు బాగుచేసి, విశ్రాంతి తీసుకున్నాక అదే పనిని వీడియోలుగా చెబుదామని కూర్చున్నప్పుడు నాకు ఎదురైన ఇబ్బందీ ఇలాంటిదే. చిక్కంతా కంప్యూటర్ తెర మీది మీటల్లో కనిపించింది. తప్పు పైన ఎక్కడో ఉంది.

పెద్ద వయసులో ఇంటర్నెట్ మార్కెటింగ్, వీడియో తయారీ నేర్చుకోవడానికి దిగినవాళ్లు సాధారణంగా "ఈ బటన్లు గుర్తుండటం లేదు" అంటారు. పక్కనున్నవాళ్లు "వయసు కదా" అని సానుభూతి చూపిస్తారు. రెండూ అడుగున కనిపించే చిక్కులే. స్వభావంలో వేరువేరైన నాలుగు పనులను ఒకే పేరు పెట్టి, ఒకే వారంలో మన ముందు కుమ్మరిస్తున్నారు, అసలు సంగతి అది. ఎవరికి ఏం కావాలో తెలుసుకోవడం ఒక పని. మన దగ్గరున్నది వాళ్ల కంట పడేలా చేయడం రెండోది. చూడదగ్గట్టు, వినదగ్గట్టు వీడియో తయారుచేయడం మూడోది. దాని నుంచి డబ్బు రావడం నాలుగోది. మొదటిది మనుషులు సంత పెట్టుకున్న నాటి నుంచీ ఉన్న విద్య. ఏదో ఒక వృత్తిలో జీవితం గడిపినవారికి సగం వచ్చే ఉంటుంది. మూడోదానిలోని మీటలు ఎప్పుడు పడితే అప్పుడు చోటు మారుతాయి. ఈ రెండింటినీ ఒకే పట్టుదలతో బట్టీ పట్టబోతాం. పైదారం తప్పేది అక్కడే.

వయసు ఎంతవరకు కారణం?

"వయసు కదా" అన్న మాటలో కొంత నిజం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త రేమండ్ కాటెల్, ఆయన శిష్యుడు జాన్ హార్న్ తెలివిని రెండు పాయలుగా చూశారు. ఎన్నడూ చూడని సమస్యను అప్పటికప్పుడు విప్పే చురుకు ఒక పాయ. ఏళ్ల తరబడి పోగుపడిన మాటలు, అనుభవం, పనితనం రెండో పాయ. మొదటిది యవ్వనం దాటాక మెల్లగా సన్నబడుతుంది. రెండోది చాలా కాలం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. బటన్ల వేట మొదటి పాయలోది. కొనేవాడి మనసు చదవడం రెండో పాయలోది. అంటే మన బలహీనత ఉన్న చోటే పాఠాలన్నీ మొదలుపెడుతున్నారు.

కానీ సన్నబడటం వేరు, ఎండిపోవడం వేరు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త డెనిస్ పార్క్ బృందం 2014లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 60 నుంచి 90 ఏళ్ల వారిని తీసుకున్నారు. కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, ఫొటోలను కంప్యూటర్ మీద దిద్దడం నేర్పారు. కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ. మరికొందరు అదే సమయాన్ని కబుర్లతో, విహారాలతో గడిపారు. వారానికి సుమారు 15 గంటల చొప్పున మూడు నెలలు సాగింది. కొత్త విద్య నేర్చినవారిలో జ్ఞాపకశక్తి మెరుగుపడింది, ముఖ్యంగా ఫొటోగ్రఫీ నేర్చినవారిలో. బొంతలవాళ్లు వెనకబడినందుకు నాకు వృత్తిరీత్యా కొంచెం బాధగానే ఉంది. అయినా గమనించవలసింది ఆ 15 గంటలను. "వారాంతంలో నేర్చేసుకోండి" అన్న ప్రకటనలకూ ఆ లెక్కకూ పొంతన లేదు.

మరి పాఠం చూస్తుంటే అన్నీ అర్థమైనట్టుండి, మన చేతికి వచ్చేసరికి ఎందుకు ఆవిరైపోతుంది? పాఠం చెప్పేవాడి తెర, మన తెర ఒకే కంప్యూటర్‌లో ఉంటాయి. అతను నొక్కిన చోటును మనసులో పట్టుకుని, కిటికీ మార్చి, మన తెరలో అదే చోటు వెతికేలోపు అతను మరో మూడు మీటలు దాటిపోతాడు. అప్పటికప్పుడు మనసులో పట్టి ఉంచగలిగే సామాను అందరికీ పరిమితమే. వయసుతో అది ఇంకొంచెం తగ్గుతుంది. నేను చివరికి చేసిన పని చాలా పాతది. ఒక నోటుపుస్తకం కొన్నాను. పాఠం ఆపుతూ, చేయవలసిన పనిని నా మాటల్లో రాసుకున్నాను. "ఎడమ నుంచి మూడో బొమ్మ" అని రాయలేదు. "కోత: ముక్కను ఇక్కడ రెండుగా తెంచడం" అని రాశాను. చోటు మారిపోతుంది, పని మారదు. తర్వాత పుస్తకం మూసి, చూడకుండా చేసేవాణ్ని. తప్పితే మళ్లీ చూసేవాణ్ని. ఒకేసారి ఎక్కువసేపు చదవడం కన్నా విరామాలిచ్చి చదవడం మేలని జ్ఞాపకశక్తిని పరిశోధించిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు. మళ్లీ మళ్లీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకునే ప్రయత్నమే దీర్ఘకాలం నిలుపుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. నా నోటుపుస్తకానికి ఇంత శాస్త్రం ఉందని తర్వాతే తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ప్రేమ. నేను తడుముకుంటుంటే మా మనవరాలు "ఇటు ఇవ్వు తాతయ్యా" అని మౌసు లాక్కుని నాలుగు క్షణాల్లో పని ముగించేది. వీడియో తయారయ్యేది, నాకు మాత్రం ఏమీ రాలేదు. ఒకరోజు ఆమెకు ఒక షరతు పెట్టాను: నోటితో చెప్పు, చేత్తో ముట్టుకోవద్దు. ఆ పిల్లకు అది చెప్పలేనంత హింస. తనకు వేళ్లలో ఉన్నది నోట్లోకి రావడం లేదు. నేర్చుకోవడం ఎంత కష్టమో నేర్పడమూ అంతే కష్టమని ఇద్దరికీ ఆ సాయంత్రమే తెలిసింది.

ఎడిటింగ్‌లో ఎవరూ చెప్పని మొదటి మాట

వీడియో ఎడిటింగ్ గురించి ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే నాకు నెల రోజులు మిగిలేవి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మన అసలు వీడియోను కోయదు. ముట్టుకోదు కూడా. "ఫలానా ఫైల్లో 12వ సెకను నుంచి 40వ సెకను దాకా చూపించు, తర్వాత ఫలానా ముక్క పెట్టు" అని ఒక చీటీ రాసుకుంటుంది. ఆ చీటీనే ప్రాజెక్టు అంటారు. మనం తెర మీద చూసేది చీటీ ప్రకారం అప్పటికప్పుడు ఆడుతున్న బొమ్మ. చివర్లో ఎక్స్‌పోర్ట్ నొక్కినప్పుడు మాత్రమే ఆ చీటీలోని ఆదేశాలన్నిటినీ అమలుచేసి కొత్త వీడియో ఫైలును తయారుచేస్తుంది.

ఇది తెలియక ఒకరోజు శుభ్రత పేరుతో ఫోను నుంచి దించుకున్న వీడియోలన్నీ వేరే ఫోల్డర్‌లోకి సర్దాను. మర్నాడు ప్రాజెక్టు తెరిస్తే బొమ్మలుండాల్సిన చోట ఎర్రటి పలకలు. రెండు వారాల పని పోయిందనుకుని కంప్యూటర్ ఆపేసి పడుకున్నాను. పోయింది ఏమీ లేదు. చీటీలో ఉన్న చిరునామాలో ఫైలు లేదు, అంతే. కొత్త చిరునామా చూపిస్తే అన్నీ తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి ఒక వీడియోకు ఒక ఫోల్డర్, దానిలోనే అన్నీ, పని పూర్తయ్యే దాకా దేన్నీ కదపకూడదు అన్నది నా నియమం.

వీడియో ఫైలు చివర కనిపించే ఎంపీ4 అన్న పేరుతోనూ ఇలాంటి గందరగోళమే. అది డబ్బా పేరు. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించి పెట్టారన్నది వేరే సంగతి; దాన్ని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264 అన్న పద్ధతి నేటికీ దాదాపు అన్నిచోట్లా ఆడుతుంది. ఒక ఎంపీ4 చక్కగా ఆడి, మరో ఎంపీ4లో శబ్దం మాత్రమే వచ్చి బొమ్మ రాకపోతే డబ్బా చెడిపోలేదు, లోపలి సరుకును విప్పే పద్ధతి మన యంత్రానికి తెలియదు. ఏది ఎంచుకోవాలో తెలియనప్పుడు ఎంపీ4 డబ్బా, హెచ్.264 సరుకు అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న ప్రశ్న మీద జనం వాదించుకునేంత సమయంలో ఏదో ఒకటి నేర్చేసుకోవచ్చు. షాట్‌కట్, ఓపెన్‌షాట్ ఉచితం. డావిన్చీ రిజాల్వ్‌కు ఉచిత రూపం ఉంది, కాకపోతే బలమైన కంప్యూటర్ అడుగుతుంది. తెర మీద జరిగేది పట్టుకోవడానికి ఓబీఎస్ స్టూడియో, శబ్దం దిద్దడానికి ఆడాసిటీ ఉన్నాయి. ఏది ఎంచుకున్నా అది శాశ్వతం కాదు. ఎంతోమంది మొదటి పాఠం నేర్చుకున్న విండోస్ మూవీ మేకర్‌ను 2017 జనవరిలో ఆపేశారు. యూట్యూబ్‌లోనే ఉన్న పాత వీడియో ఎడిటర్ అదే ఏడాది సెప్టెంబరులో మూతపడింది. అయితే టైమ్‌లైన్ (ముక్కలను సమయం వరుసలో పేర్చే పట్టీ), కోత, అతుకు, పొరలుగా పేర్చిన ట్రాకులు అన్న భావనలు ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఉంటాయి. వాటిలో కోత, అతుకు సినిమా రీళ్లను కత్తెరతో కోసి అతికించిన కాలం నుంచి ఉన్నవే.

కెమెరా గురించి తక్కువ ఆలోచించండి, మైకు గురించి ఎక్కువ ఆలోచించండి. బొమ్మ కాస్త మసకబారినా చూస్తారు. మాట గోడల మధ్య గింగురుమంటే ఎవరూ ఉండరు. చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. మూరల దూరంలో ఉన్న ఖరీదైన మైకు దానికి సాటి రాదు.

కంట పడటం అంటే

నా మొదటి వీడియో పేరు "పైదారం బిగువు సవరణ: సమగ్ర వివరణ". ఎంత గంభీరంగా ఉందో చూడండి. దాన్ని ఎవరూ చూడలేదు. దారం చిక్కుపడి విసిగిపోయిన మనిషి వెతుకులాట పెట్టెలో "పైదారం బిగువు" అని టైపు చేయడు. ఆ మాట తెలిసి ఉంటే అతనికి వీడియో అవసరమే లేదు. "కింద దారం గుంపు కడుతోంది" అని టైపు చేస్తాడు. అతను నిందిస్తున్నది అడుగును, నేను పేరు పెట్టింది పైదారానికి. జబ్బు పేరు వైద్యుడికి తెలుసు, నొప్పి ఉన్న చోటు రోగికి తెలుసు. వెతికేది రోగి. సెర్చ్ ఇంజిన్లకు అనువుగా రాయడం అన్న పేరుతో నడిచే పెద్ద పెద్ద పాఠాల్లో సగం సారం ఇదే. మిగతా సగం చేర్పులు, కూర్పులు. దుకాణానికి వచ్చినవాళ్లు తమ కష్టాన్ని ఏ మాటల్లో చెప్పుకునేవారో నాకు నలభై ఏళ్లుగా చెవుల్లో ఉంది. ఆ మాటలనే ఒక కాగితం మీద రాసుకుంటే ఇరవై వీడియోలకు పేర్లు దొరికాయి.

వెతకడం ఒక దారి, సిఫారసు రెండో దారి. మనం ఏమీ వెతక్కుండానే యూట్యూబ్ ముందు పెట్టే వీడియోలు ఈ రెండో దారిలో వస్తాయి. చాలామంది దీన్నొక కోపిష్టి దేవతలా ఊహించుకుని, ఫలానా వేళకు అప్‌లోడ్ చేస్తే కరుణిస్తుందని నమ్ముతారు. యూట్యూబ్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పత్రం చూస్తే పద్ధతి రెండు అంచెలుగా కనిపిస్తుంది. మొదటి అంచెలో ఒక మనిషి చూసిన చరిత్రను బట్టి లక్షలాది వీడియోల నుంచి కొన్ని వందలు ఏరతారు. రెండో అంచెలో ఆ వందలను అతను ఎంతసేపు చూడవచ్చన్న అంచనాతో వరసపెడతారు. అంతకుముందు 2012లోనే ఎన్నిసార్లు నొక్కారన్నదాని నుంచి ఎంతసేపు చూశారన్నదాని వైపు యూట్యూబ్ మొగ్గింది. అందువల్ల ఆశపెట్టే బొమ్మ తగిలించి లోపల ఏమీ చెప్పని వీడియో మొదటి మెట్టు ఎక్కినా రెండో మెట్టు దగ్గర జారుతుంది.

ఎంతసేపు చూశారన్నది మనకూ కనిపిస్తుంది. ప్రతి వీడియోకు ఒక గీత గీసి చూపిస్తారు. ఏ క్షణానికి ఎంతమంది మిగిలారో దానిలో ఉంటుంది. పెద్ద వయసువాళ్లకు ఇంతకన్నా నిష్కపటమైన గురువు దొరకడు, ఎందుకంటే మన ముఖం చూసి మొహమాటపడదు. నా పదకొండు నిమిషాల వీడియో గీత చూసిన రోజు నాకు బాగా గుర్తు. మొదటి యాభై సెకన్లు నేను నా గురించి చెప్పుకున్నాను: ఎన్నేళ్ల అనుభవం, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఎన్ని రకాల మిషన్లు చూసింది. ముప్పయ్యో సెకను దాటేసరికి గీత సగానికి పడిపోయి ఉంది. సభలో అలా లేచి వెళ్లిపోయి ఉంటే అవమానంగా ఉండేది. ఇక్కడ వాళ్లు నన్ను అవమానించలేదు. దారం చిక్కుకుని ఉంది, తొందరలో ఉన్నారు.

ఆ గీతలోనే ఆరు నిమిషాల నలభై సెకన్ల దగ్గర ఒక చిన్న గుట్ట. పడిపోతున్న గీత అక్కడ హఠాత్తుగా పైకి లేచింది. అంటే వెనక్కి జరిపి మళ్లీ చూస్తున్నారు. ఏముందా అని చూస్తే, సూదికున్న చదును వైపు ఏ దిక్కుకు ఉండాలో చెప్పిన ముక్క. నేను దారిన పోతూ అన్న మాట అది, అంత చిన్న సంగతి ఎవరికి తెలియదులే అనుకున్నాను. ఆ ముక్కనే వేరు చేసి, సూదిని దగ్గరగా చూపిస్తూ రెండు నిమిషాల వీడియో చేశాను. పరిచయం లేదు. మొదటి వాక్యమే "సూది తిరగబడితే కుట్టు పడదు". నా వీడియోల్లో నేటికీ ఎక్కువమంది చూసేది అదే. మార్కెటింగ్ అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఆ గుట్ట దగ్గర ఉంది.

డబ్బు లెక్క

ప్రకటనల ఆదాయం గురించి ఊహలు చాలా ఉన్నాయి కాబట్టి అంకెలు వేద్దాం. 2018 నుంచి యూట్యూబ్ ప్రకటనల్లో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. నాలుగు వేల గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే ఏడాదిలో 60,000 సార్లు చూడాలి. షార్ట్స్ అనే పొట్టి వీడియోలతో వెళ్లాలనుకుంటే 90 రోజుల్లో కోటి వీక్షణలు. మెట్టు ఎక్కాక మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం మనది. 2023లో ఇంతకన్నా చిన్న మెట్టు కూడా పెట్టారు కానీ, దానిలో ప్రకటనల వాటా లేదు. వీక్షకులు నేరుగా ఇచ్చే మద్దతు మాత్రమే.

అందుకే ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లకు ఆ వాటా మీద ఆధారపడమని నేను చెప్పను. చేతిలో పని ఉన్నవాడికి వీడియో అనేది దుకాణం కిటికీ. కిటికీ నుంచి అద్దె రాదు, లోపలికి మనుషులు వస్తారు. సలహాకో మరమ్మతుకో పాఠానికో వందమంది వస్తే అరవై వేల వీక్షణల కోసం ఎదురుచూడనక్కర్లేదు. డబ్బు పెట్టి ప్రకటనలు ఇవ్వడం ఇంకా తర్వాతి సంగతి. గూగుల్ వంటి చోట్ల అది వేలంపాట. ఎక్కువ పాడినవాడికే చోటు దక్కుతుందని కాదు, జనం నొక్కేలా ఉన్న ప్రకటనకూ మొగ్గు ఉంటుంది. ఏ మాటలు పనిచేస్తాయో డబ్బు పెట్టకుండా తెలుసుకున్నాకే ఆ పాటకు వెళ్లాలి.

ఈమెయిల్ జాబితా మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకోవచ్చు. ఛానల్ మనది అనుకుంటాం కానీ నియమాలు ఇంకొకరివి. జాబితా నిజంగా మనది. అనుమతి ఇచ్చినవాళ్లకే రాయాలి, వద్దన్నప్పుడు తీసేయాలి. అడగకుండా గుంపుగా పంపిన మొదటి వాణిజ్య ఈమెయిల్ 1978 మే 3న వెళ్లింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్, ఇంటర్నెట్‌కు తాత అనదగ్గ ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి తన కంప్యూటర్ల గురించి పంపాడు. కోపాలు ఆ రోజే మొదలయ్యాయి.

మనమే సరుకైన చోటు

ఈ చదువులో ప్రమాదకరమైన భాగం చదువు అమ్మేవాళ్లు. మార్కెటింగ్‌లో గరాటు అన్న మాట తరచూ వింటారు: పైన ఉచితమైనదేదో ఇచ్చి ఎక్కువమందిని పోస్తారు, కిందికి వచ్చేకొద్దీ ధర పెరుగుతుంది, మనుషులు తగ్గుతారు. దానిలో తప్పేమీ లేదు. కానీ గరాటు వేయడం నేర్పుతానన్నవాడి గరాటులో మనం ఏ మెట్టు మీద ఉన్నామో చూసుకోవాలి. 2018లో వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకు తీసుకెళ్లిన ఒక కేసులో ఇదే జరిగిందని ఆరోపణ: 21 మెట్ల సులభ పద్ధతి అంటూ చిన్న రుసుముతో చేర్చుకుని, తర్వాత వేల డాలర్ల సభ్యత్వాలు ఒకదాని మీద ఒకటి కొనిపించారు. ఎవరికి గాలం వేశారో వాళ్లలో వయసుమళ్లినవాళ్లూ ఉన్నారు. చేరినవాళ్లకు నేర్పిన వ్యాపారం కూడా ఆ సభ్యత్వాలను ఇతరులకు అమ్మడమే.

నేనూ ఒకదాని అంచు దాకా వెళ్లాను. పేజీ మీద ఎర్రటి గడియారం పదిహేను నిమిషాల నుంచి వెనక్కి నడుస్తోంది; అది సున్నాకు చేరితే తగ్గింపు పోతుందట. చేతులు చల్లబడ్డాయి. కార్డు కోసం లేచి వచ్చేసరికి కంప్యూటర్ నిద్రపోయింది. లేపి పేజీని మళ్లీ తెరిచాను. గడియారం పదిహేను నిమిషాల నుంచి కొత్తగా మొదలైంది. కార్డు మళ్లీ లోపల పెట్టాను. అప్పటి నుంచి ఏ గురువు కనిపించినా నేను ముందు చూసేది ఒకటే: మార్కెటింగ్ నేర్పడం కాక ఇతను ఇంకేం అమ్మి బతికాడు? జవాబు దొరకకపోతే పాఠం ఎంత బాగున్నా పక్కన పెడతాను. సాధనాలను మెచ్చుకునే వీడియోల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. వివరణలో ఇచ్చిన లింకు ద్వారా కొంటే చెప్పినవాడికి కమీషన్ వస్తుంది. ఆ సంగతి బయటికి చెప్పాలన్న నియమాలు చాలాచోట్ల ఉన్నాయి, చెల్లింపు ప్రచారమైతే తెలియజేయడానికి యూట్యూబ్‌లోనూ ఒక గడి ఉంది. రేపు మనం ఎవరి సామానునైనా అలా చూపిస్తే ఆ గడిలో టిక్కు పెట్టవలసింది మనమే.

ఈ మధ్యే నేను వాడే ఎడిటర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. కత్తెర బొమ్మ ఉండాల్సిన చోట లేదు. ఆ చోట ఇంకేదో మెరుపుల బొమ్మ ఉంది. పైవరుసలో ప్రతి బొమ్మ మీదా బాణం ఆనిస్తూ, పేరు చదువుతూ వెళ్లాను. రెండు నిమిషాలు పట్టింది. కత్తెర కుడివైపు చివరకు పోయి కూర్చుంది. నోటుపుస్తకం తెరిచాను. "కోత: ముక్కను ఇక్కడ రెండుగా తెంచడం" అన్న చోట దిద్దవలసింది ఏమీ కనిపించలేదు.